మంచంకర్ర పడుకునేంత చోటు

సుత్తి కొమ్ముల మధ్య మేకు తల ఇరికించి వెనక్కి వంచాడు మేస్త్రీ. మేకు కీచుమంటూ ఊడి వచ్చింది. దాని పక్కదీ అంతే. పాత ప్లైవుడ్ పలకను అంచు పట్టుకుని, మోకాలు గోడకు తన్నిపెట్టి లాగాడు. పలక ఒక్కసారిగా చేతుల్లోకి ఒరిగింది. దాని వెనకనున్న చట్రం చూసి, పలకను కింద పెట్టడం మరిచిపోయి అలాగే నిలబడ్డాడు.

చట్రం కర్రల మీద తెల్లరంగు ఉంది. ఆ రంగు మొసలి వీపులా పగిలి ఉంది. గోటితో గీశాడు. తెలుపు కింద నలుపు, నలుపు కింద పొడి. గోటిసందులో ఇరుక్కున్న పొడిని వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాడు. బొగ్గు.

కర్ర మొత్తం కాలిపోలేదు. పైపై మాత్రమే కాలింది. ఎవరో దానికి ఒక పూత రంగు వేసి, కొత్త పలక కొట్టి, లెక్క సరిపెట్టేశారు. పని తెలిసినవాడు కాలిన కర్రకు మేకు కొట్టడు. అది పట్టదు, పట్టినట్టు కనిపిస్తుంది అంతే.

రెండో పలక కూడా తీశాడు. దాని వెనక తలుపు ఉంది. నాలుగో అంతస్తు వెనక గోడకున్న ఆ తలుపు బయటి మెట్లకు దారి. తలుపుకు అడ్డంగా మూడు బద్దలు కొట్టి ఉన్నాయి. కింది బద్దకు ఒకవైపు మేకులు సగం పైకి లేచి ఉన్నాయి. ఆ మేకుల చుట్టూ చెక్క పెచ్చులుగా లేచిపోయింది. ఇది సుత్తితో చేసిన పని కాదు, సుత్తి కొమ్ములు చేసే గాటు వేరు. ఏ గరిటె కాడతోనో, కత్తెరతోనో, చేతికి అందిన దానితో పెకలించబోయారు. అదీ లోపలివైపు నుంచి.

మేస్త్రీ చుట్టూ చూశాడు. కిటికీ లేని గది. ఒకప్పుడు వంటిల్లు. ఇందులోనే రేపు తన అక్క, మేనకోడలు కాపురం పెట్టబోతున్నారు.

ఆ చుట్టుపక్కల వీధుల్లో అతన్ని ముక్కల మేస్త్రీ అంటారు. ఇళ్ళు కట్టడు, కట్టిన ఇళ్ళను ముక్కలు చేస్తాడు. ఒక కుటుంబం ఉండే వాటాను ముగ్గురికి సరిపోయేట్టు, ముగ్గురు ఉండేదాన్ని అయిదుగురికి ఇరికేట్టు చెక్కగోడలు పెడతాడు. ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకున్నది కాదు. కూలికి పలకలు మోస్తూ మోస్తూ, మోసిన పలకను ఎక్కడ ఎలా నిలబెడుతున్నారో చూసి నేర్చుకున్నాడు. మాట తక్కువ. అడిగినదానికి కూడా సగమే జవాబు చెబుతాడని, అందుకే ఆ పేరు వచ్చిందని అక్క ఎగతాళి చేస్తుంది.

ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. అద్దెల వ్యవహారం చూసే తాళాలాయన నడుముకు తాళాలగుత్తి, చేతిలో ఒక కర్ర ఉంటాయి. కర్రను మంచం పొడవుకు కోశారు. అది నేల మీద వెల్లకిలా పడుకుంటే ఆ చోటు గది. పడుకోకపోతే ఆ చోటు సందు, అటక, మెట్లకింద ఖాళీ, ఏదైనా కావచ్చు గాని అద్దెకు రాదు. వెడల్పు ఎవరూ కొలవరు, ఎత్తు అసలే కొలవరు. ఊళ్ళో అద్దెకిచ్చేవాళ్ళందరిదీ ఇదే పద్ధతి. చివరికి అద్దెకు వచ్చేవాళ్ళు కూడా గది ఎంతుంటుందని అడగడం మానేసి, "కర్ర పడుతుందా?" అని అడగడం మొదలుపెట్టారు.

అక్క ఈ మాట అడుగుతూ ఎన్ని గడపలెక్కిందో. ఆమె ఆసుపత్రి చాకిరేవులో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. భర్త లేడు, ఒక కూతురు. ఉంటున్న పాత మేడను కూలగొడుతున్నారు. పై అంతస్తు కిటికీలు అప్పుడే ఊడబీకేశారు. కుళాయి ఆపేశారు. ఖాళీ చెయ్యనివాళ్ళ నెత్తిన సున్నం పెళ్ళలు రాలుతున్నాయి. రోజూ పని దిగాక కూతుర్ని వెంటబెట్టుకుని ఇల్లు వెతకడమే పని. ఆదివారం తమ్ముణ్ణీ తీసుకెళ్ళింది.

మొదటి ఇంటావిడ తలుపు సందులోంచే అడిగింది. "ఎంతమంది?"

"నేనూ, నా కూతురూ అండీ."

"మగదిక్కు?"

"ఇదిగో, నా తమ్ముడు. వడ్రంగి."

"మీతో ఉంటాడా?"

"ఉండడండీ."

"మరైతే మగదిక్కు లేనట్టే." తలుపు పడింది.

రెండో ఇంట్లో అక్క ముందే చెప్పేసింది. "తమ్ముడు మాతోనే ఉంటాడండీ."

"అయితే ముగ్గురు. ముగ్గురికి ఇవ్వం."

బయటికొచ్చాక మేనకోడలు నవ్వు ఆపుకోలేకపోయింది. "మామయ్యా, నువ్వు ఉండీ లేనట్టుండాలి. సగం తలుపులోపల, సగం బయట."

"ఉన్నాడు కదే ఎప్పుడూ అలాగే" అంది అక్క. నవ్వలేదు. చెప్పు తెగిపోతే పిన్నీసు పెట్టి నడుస్తోంది. మూడో ఇంట్లో గది బాగుంది, అద్దె ఆమె జీతమంత ఉంది. నాలుగోది నేలమాళిగ, గోడకు చెయ్యి ఆనిస్తే చెయ్యి తడిసింది. అక్కడ కూడా అప్పటికే ఎవరో బయానా ఇచ్చేశారు.

మేస్త్రీ దగ్గర వాళ్ళకు చోటు లేదు. అతను పడుకునేది రంపపుమిల్లులో పని బల్ల మీద. ఒక్కడు పడుకోవడానికే మిల్లు యజమాని మొహం మాడ్చుకుంటాడు.

ఆ మర్నాడు తాళాలాయన కబురు పెట్టాడు. నాలుగో అంతస్తు వాటాలో చివరి గదికి కొత్త చెక్కలు వెయ్యాలి. నెల మొదటి తేదీకల్లా పూర్తి కావాలి.

"ఆ గది ఎవరికిస్తున్నారు సార్?" అని అడిగాడు మేస్త్రీ.

"ఏం, నీకు కావాలా?"

"మా అక్కకు."

తాళాలాయన కర్రతో వీపు గోక్కున్నాడు. "కిటికీ లేదు కాబట్టి అద్దె తక్కువే. మీ అక్కకే ఇస్తాలే. నీ కూలిలో కొంత అద్దెకింద జమకట్టుకుందాం. నీకూ మంచిదే, నాకూ మంచిదే. ఒక్కటి మాత్రం, వెనక తలుపు కనబడకూడదు. పలకలు గట్టిగా కొట్టు."

"ఎందుకు సార్, తలుపు మూసెయ్యడం?"

"నీకింకా లోకజ్ఞానం రాలేదు మేస్త్రీ. ఇంటికి రెండు తలుపులుంటే ఒకదాంట్లోంచి నేను అద్దెకొస్తాను, రెండోదాంట్లోంచి వాళ్ళు మూటాముల్లె సర్దుకుని పోతారు."

ఆ మాట విన్నప్పుడు మేస్త్రీకి పెద్దగా ఏమీ అనిపించలేదు. ఎన్నో తలుపులు మూశాడు. ఇప్పుడు ఆ తలుపు ముందు నిలబడి, పెకలించబోయిన మేకుల్ని ఒక్కొక్కటే వేలితో తడిమాడు.

గది బయట పొడుగాటి నడవ. నడవకు ఒక పక్కన రెండు గదులు. మొదటి గదిలో కుట్టుమిషనామె. చుట్టూ గుడ్డముక్కలు, మధ్యలో మిషను, మిషను పక్కనే కిరోసిన్ స్టవ్వు. రెండో గదిలో రాత్రి కాపలాకు వెళ్ళే పెద్దాయన, పగలంతా గురక. ఆ గురకకు చెక్కగోడలు అదురుతాయి. మిషనామె దాన్నిబట్టే టైము చెబుతుంది.

మేస్త్రీ నడవలోకి వచ్చి అడిగాడు. "చెల్లెమ్మా, చివరి గదిలో ఇదివరకు ఎవరుండేవాళ్ళు?"

మిషను ఆగింది. "ఎందుకన్నా?"

"కర్ర కాలి ఉంది."

ఆమె సూదిలో దారం ఎక్కించడానికి తల వంచింది. దారం అప్పటికే ఎక్కి ఉంది. "అమ్మా, కొడుకూ ఉండేవాళ్ళు. నేనొచ్చేసరికే అయిపోయింది. వాళ్ళు పోయింది మంటల్లో కాలి కాదట. ముందు నడవంతా పొగ నిండిందట. వాళ్ళు ఇటు రాలేక అటు వెళ్ళారట."

"అటు తలుపు మూసి ఉంది."

"ఊఁ."

"తెలిసీ ఎలా ఉంటున్నావమ్మా ఇక్కడ?"

"ఎక్కడికి పొమ్మంటావ్? నువ్వు చూపించన్నా, ఇప్పుడే మిషను నెత్తినెత్తుకుంటాను." పెడల్ మీద కాలు పెట్టింది. "వాన రాకడా ప్రాణం పోకడా ఎవరికి తెలుసులే." మిషను మళ్ళీ మొదలైంది. కాని కుట్టు వంకరపోయింది. ఆమె విసుగ్గా దారం తెంపింది.

మేస్త్రీ తిరిగి వచ్చి బద్దలు ఊడదీశాడు. గడియ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. నూనె పోసి, చెక్క దిమ్మ ఆనించి సుత్తితో మెల్లగా కొట్టాడు. చాలాసేపటికి కదిలింది. తలుపు తెరిచి మెట్లమీద అడుగు పెట్టాడు. ఇనుప మెట్లు. కిందికి దిగుతూ ప్రతి మెట్టునూ మడమతో తన్ని చూశాడు. గట్టిగానే ఉన్నాయి.

మూడో అంతస్తు దగ్గర ఆగాడు. అక్కడి వెనక తలుపుకు లోపలి నుంచి పలకలు కొట్టి ఉన్నాయి. తలుపు సందుల్లోంచి మేకు మొనలు బయటికి పొడుచుకొచ్చాయి. లోపల ఎవరో పసిబిడ్డను జోకొడుతున్నారు. రెండో అంతస్తు దగ్గర దగ్గు వినిపించింది, తలుపుకు ఆనుకునే ఎవరో పడుకున్నట్టు, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా. అక్కడా మేకు మొనలే. తానే కొట్టాడేమో, మరొకడు కొట్టాడేమో, మొనలకు ఆనవాళ్ళుండవు. కింద చివరి గేటును ఇనుప తీగతో చుట్టేశారు. ఆ తీగ కత్తిరించి జేబులో వేసుకున్నాడు.

పైకి వచ్చి ఆలోచించాడు. తాళాలాయనతో మాట్లాడి లాభం లేదు. మాటలతో అతన్ని గెలిచినవాడు ఇంతవరకూ పుట్టలేదు. తలుపును గదిలోపల పలక వెనక రహస్యంగా ఉంచితే అక్కకూ మేనకోడలికీ దారి ఉంటుంది. మరి మిషనామె? పెద్దాయన? వాళ్ళు వచ్చి అక్క గది తలుపు బాదాలి. లోపల తాళం వేసి ఉంటే? అక్క పనిలో ఉంటే?

చివరికి గదిలో ఒక పక్క గోడ వెంబడి, మనిషి నడిచేంత వెడల్పు వదిలేసి అడ్డగోడ లేపాడు. నడవ అలాగే కొనసాగి తిన్నగా వెనక తలుపుదాకా వెళ్తుంది. గది ఆ మేరకు సన్నబడింది. అయినా కర్ర పడుతుంది, ముందే కొలిచి చూసుకున్నాడు. కాలిన కర్రలన్నీ తీసేసి కొత్తవి పెట్టాడు. కీలు కీలుకీ గాడి తీసి, మేకుల మీద ఆధారపడకుండా కర్రను కర్రలో దించాడు.

సాయంత్రం తాళాలాయన వచ్చాడు. అదే సమయానికి అక్కా మేనకోడలూ గది చూసుకోవడానికి వచ్చారు.

"ఇదేం పని మేస్త్రీ? తలుపు మూయమంటే దానికి రాజమార్గం వేశావు?"

"గదిలో కర్ర పడుకుంటుంది సార్. చూసుకోండి."

తాళాలాయన గదిలో కర్ర పడేశాడు. పడుకుంది. బయటికొచ్చాడు. అడ్డగోడ పక్కన వదిలిన సందులోకి చూశాడు. కర్రను సందులో నేలమీద పెట్టి కాలితో నెట్టాడు. కర్ర ఏ అడ్డూ లేకుండా, హాయిగా, ఆ చివర దాకా జారుకుంటూ పోయి పడుకుంది.

అతని మొహం విప్పారింది.

"ఓరి నీ! నేను మూర్ఖుణ్ణి. ఒక్క గది చెయ్యమంటే రెండు చేశావు కదయ్యా!" మేస్త్రీ వీపు తట్టాడు. "దీనికి ఇటొక తలుపు బిగించు. అటు తలుపు మూసెయ్. ఏమ్మా, నీకు ఆ గది ఎందుకు, ఇది తీసుకో. సగం అద్దె."

మేస్త్రీ చేతిలో చిత్రిక అలాగే ఉండిపోయింది. అతను మనుషుల నడకను కొలిచాడు గాని, సందును కర్రతో కొలవలేదు. ఇన్నేళ్ళు గదులు కొలిచిన చెయ్యి, గది కానిదాన్ని కొలవాలని అనుకోలేదు.

"సగమా?" అంది అక్క.

"సగమే. ఆ గదికి వేరేవాళ్ళు సిద్ధంగా ఉన్నారు. కొత్తగా పెళ్ళయినవాళ్ళు, చంటిబిడ్డ. రేపు తెల్లారేసరికి తలుపు బిగిస్తే నువ్వు దిగిపోవచ్చు." తాళాలు గలగలలాడిస్తూ వెళ్ళిపోయాడు.

మేనకోడలు సందులోకి వెళ్ళి పడుకుని చూసింది. రెండు భుజాలూ రెండు గోడలకు తగిలాయి. "మామయ్యా, పక్కకి తిరిగి పడుకోవాలంటే లేచి బయటికెళ్ళి, తిరిగి రావాలా?"

"నోరుముయ్యవే" అంది అక్క. కాని గోడ మీద చెయ్యివేసి చూస్తోంది. దుప్పటి మడత పరీక్షించినట్టు చూస్తోంది. "ఇక్కడ రెండు మేకులు కొడితే బట్టలు తగిలించుకోవచ్చు. ఇద్దరం ఒకరి కాళ్ళవైపు ఒకరం పడుకుంటాం. గుడ్డికన్నా మెల్ల మేలు. తలుపు పెట్టరా."

"పెట్టను."

"ఏంటీ?"

మేస్త్రీ మూలన పడేసిన కాలిన కర్రముక్క తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. మిషనామె చెప్పింది చెప్పాడు. ఒక్కో మాటా కూడబలుక్కుని, ఎప్పుడూ లేనంత పొడుగ్గా చెప్పాడు. ఊడదీసిన బద్దకు పెచ్చులు లేచిన చోటు చూపించాడు. మేనకోడలు లేచి కూర్చుంది.

అక్క కర్రముక్కను అటూ ఇటూ తిప్పింది. చేతులకు మసి అంటింది. "ఒరేయ్, నిప్పు వస్తే వస్తుంది, రాకపోతే రాదు. అద్దె మాత్రం ప్రతి నెలా వస్తుంది."

"నువ్వు ఇందులో పడుకుంటే లోపలివాళ్ళకు దారి లేదక్కా."

"దారి నా మీంచే పోనీ. తొక్కుకుంటూ పోనీ."

"దాని మీంచి కూడానా?" మేనకోడల్ని చూపించాడు.

అక్క కూతురివైపు చూసింది. తరవాత చాలా నెమ్మదిగా అంది. "సరే. నువ్వు చెప్పిందే నిజం. మరి మమ్మల్ని ఎక్కడ పెడతావో చెప్పు. నీతులు చెప్పేవాడు గోడలైనా చూపించాలి. నిన్న మా మేడలో వంటగది పైకప్పు దిగింది. పిల్ల పక్కలో ఇటుక పడింది. నీ పొగ ఎప్పుడో వస్తుంది, నా ఇటుక నిన్ననే వచ్చింది."

 మేస్త్రీ చిత్రిక కింద పెట్టి, మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"రేపు బండి కట్టించుకుని వస్తున్నా. తలుపుండాలి" అని చెప్పి అక్క కూతుర్ని లాక్కుని వెళ్ళిపోయింది. మెట్ల మీద పిన్నీసు చెప్పు టపటపలాడింది.

పక్క గదిలో గురక ఆగిపోయి చాలాసేపయింది. కాపలా పెద్దాయన తలుపులో నిలబడి ఉన్నాడు. చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ అన్నాడు. "మేస్త్రీ, నేను చెవిటివాణ్ణనుకుంటారు అందరూ. గురకపెట్టేవాడికి అన్నీ వినబడతాయి. మీ అక్కదీ తప్పు కాదు."

"కాదు."

"నువ్వు మరి ఏం చేస్తావ్?"

 మేస్త్రీ కట్టిన అడ్డగోడ పొడవులో సరిగ్గా సగం దగ్గర సుద్దముక్కతో నిలువుగీత గీస్తున్నాడు.

పొద్దు పొడిచేసరికి పనిలో ఉన్నాడు. అడ్డగోడ వెనక సగాన్ని ఊడదీశాడు. పక్క గోడను ఆనించి సందులో ఒక అలమర కట్టాడు, సరిగ్గా సందు వెడల్పుకు. అలమర మింగేసిన దారిని తిరిగి ఇవ్వడానికి, అడ్డగోడ వెనక సగాన్ని అంతే మేర గదిలోకి జరిపి నిలబెట్టాడు. ఇప్పుడు తలుపుకు వెళ్ళాలంటే కొంత దూరం తిన్నగా నడిచి, అలమర దగ్గర పక్కకు జరిగి, మళ్ళీ తిన్నగా నడవాలి. మనిషి ఆ వంకలో తిరగగలడు. బిడ్డను ఎత్తుకున్న మనిషి కూడా తిరగగలడు. పనిముట్ల సంచిని చంకనెత్తుకుని తిరిగి చూశాడు. మంచం పొడవున్న బద్ద మాత్రం తిరగలేదు.

అలమరను తరవాత ఎవరైనా పీకేస్తే? అందుకని అడ్డగోడ పై దూలాన్ని అలమర నెత్తిమీదికి తెచ్చి గాడిలో దించాడు. అలమర తీస్తే గోడ మొత్తం కూలుతుంది. గదిలో కూడా ఓ మూల తగ్గింది, కాని ఎదుటి గోడ వెంబడి నిడివి నిడివిగానే ఉంది. చిట్టచివరి బద్దను చిత్రికపట్టి, చేతివేళ్ళతో అంచు తడిమి, చెక్కపేళ్ళు ఎక్కడా గుచ్చుకోవడం లేదని చూసుకున్నాడు. పొగలో మనుషులు గోడలు తడుముకుంటూ వెళ్తారు.

తాళాలాయన వచ్చేటప్పటికి మిషనామె, పెద్దాయన నడవలో నిలబడి ఉన్నారు. ఎందుకు నిలబడ్డారో వాళ్ళకే తెలియనట్టు ఒకరు గోడ చూస్తున్నారు, ఒకరు నేల చూస్తున్నారు.

కర్ర గదిలో పడుకుంది. తాళాలాయన సందులోకి వచ్చి కర్ర పెట్టాడు. అలమరకు తగిలి ఆగింది. తిప్పాడు. ఏటవాలుగా గోడకు ఒరిగి నిలబడింది. అటువైపు నుంచి పెట్టి చూశాడు. పడుకోలేదు.

"ఆ అలమర ఎవడు పెట్టమన్నాడు?"

"అందరికీ సామాను పెట్టుకోవడానికి సార్."

"తీసెయ్."

"తీస్తే గోడ రాలుతుంది. మళ్ళీ మొదట్నుంచి కట్టాలి. రెండు మూడు రోజులు."

తాళాలాయన అలమర పైకి చూశాడు. దూలాన్ని చూశాడు. మేస్త్రీ మొహం చూశాడు. కోపంతో అతని గొంతు పెరగలేదు, తగ్గింది. "అంటే కావాలనే చేశావు."

మేస్త్రీ అలమర అంచుమీది రంపపుపొట్టు చేత్తో దులిపాడు.

"మంచిది. అద్దెవాళ్ళు కింద మూటలతో నిలబడ్డారు, కాబట్టి ఇవాళ్టికి ఇది ఇలాగే ఉంటుంది. ఈ గది వాళ్ళదే. మీ అక్కకు ఇస్తానన్నది సందు. సందు లేదు కాబట్టి ఇవ్వడానికీ ఏమీ లేదు." కర్ర భుజాన వేసుకున్నాడు. "ఇకమీదట నా ఇళ్ళల్లో నీ రంపం చప్పుడు వినబడకూడదు. ఊళ్ళో మిగతావాళ్ళకూ చెబుతాలే. నీ పనితనం గురించి."

మెట్లు దిగుతూ ఎదురైనవాళ్ళతో "రండి రండి, పైకి రండి" అంటున్న అతని గొంతు తేనెలా వినిపించింది.

ముందు వచ్చింది పెళ్ళయిన జంట. అతని నెత్తిన పరుపు చుట్ట, ఆమె చంకలో బిడ్డ. వాళ్ళ వెనకే అక్కా, మేనకోడలూ, చేతుల్లో గిన్నెల మూటలు. అక్క సందు చూసింది. అలమర చూసింది. గదిలోకి దిగుతున్న పరుపు చుట్ట చూసింది.  మూటను నేలమీద దించి దానిమీదే కూర్చుంది.

"అమ్మా, మనం మళ్ళీ అక్కడికేనా?" అంది కూతురు.

"గోడ నిలబడినన్నాళ్ళు నిలబడుతుందిలే." తమ్ముడివైపు చూడకుండా అంది. "బండివాణ్ణి కిందే ఉండమను. పోతున్నాం."

మేస్త్రీ పనిముట్లు సంచిలో సర్దుతున్నవాడల్లా ఆగి, మిషనామెను పిలిచాడు. "చెల్లెమ్మా, ఇలా రా. కళ్ళు మూసుకుని ఈ తలుపు తెరువు."

"ఇదేం ఆటన్నా?"

"ఆట కాదు."

ఆమె కళ్ళు మూసుకుంది. గోడ పట్టుకుని నడిచింది, అలమర దగ్గర తడబడింది, పక్కకు జరిగింది, తలుపుకు చేతులు ఆనాయి, గడియ దొరికింది. తెరిచింది. రెండోసారి తడబడలేదు. పెద్దాయన ఒకేసారికి వెళ్ళాడు. "కాపలావాణ్ణి, చీకట్లో నడవడమే నా కొలువు" అన్నాడు, ఎవరూ నవ్వకపోయినా.

కొత్తగా వచ్చిన అమ్మాయి బిత్తరపోయి చూస్తోంది. "ఎందుకండీ ఇదంతా?"

 మిషనామె నేల చూసింది. మేస్త్రీ అన్నాడు. "ఇల్లు మారినప్పుడు అన్ని తలుపులూ తెలియాలి తల్లీ. బిడ్డను ఎత్తుకునే వెళ్ళు. కళ్ళు మూసుకో."

ఆమె మొగుడి మొహం చూసి, బిడ్డను భుజానికి హత్తుకుని కళ్ళు మూసింది. ఒక చేత్తో గోడ తడుముకుంటూ నడిచింది. వంక తిరిగింది. తలుపు దగ్గర చెయ్యి పైకీ కిందికీ వెతికింది. గడియ దొరకలేదు. ఊపిరి వేగం పెరిగింది. బిడ్డ ఏడుపు అందుకుంది. మేస్త్రీ ఒక అడుగు ముందుకేసి ఆగాడు. తానే తెరిచేస్తే ఆమె చేతికి దారి తెలియదు.

మూటమీంచి అక్క గొంతు వినిపించింది. "కంగారు పడకమ్మా. ముందు తలుపు అంచు పట్టుకో. అంచు వెంబడే చెయ్యి జార్చు. నడుము దగ్గర ఆగు."

ఆ అమ్మాయి అంచు పట్టుకుంది. చెయ్యి జారింది, ఆగింది. గడియ కదిలిన చప్పుడు, తలుపు తెరుచుకున్న చప్పుడు. ఇనుప మెట్ల మీంచి గాలి లోపలికి వచ్చింది.

"మళ్ళీ ఒకసారి" అన్నాడు మేస్త్రీ.

మళ్ళీ వెళ్ళింది. ఈసారి బిడ్డ ఏడవలేదు. ఆమె మొగుడు కూడా ఒకసారి వెళ్ళివచ్చాడు. అందరూ అయ్యాక మేస్త్రీ గడియకు ఇంకొంచెం నూనె రాసి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డనూ నూనె సీసానూ మిషనామె చేతికిచ్చాడు.

"నెలకోసారి రాయి చెల్లెమ్మా. ఎవరు మూసెయ్యమన్నా మూయకండి. ఇది ఇక మీ పని."

"మా పనే అన్నా" అందామె.

సంచి భుజాన వేసుకున్నాడు. వంగి అక్క మూటల్లో పెద్దది ఎత్తుకున్నాడు. అక్క కాదనలేదు.